సత్రం ఆటలో ముప్పై నాలుగో ఎత్తు

మంగళవారం ఉదయం ఆరూ ఇరవైకి ప్రూఫ్ రీడర్ వంటింటి కాటాను తుడిచి, ముల్లు సున్నా మీదికి తెచ్చి, నల్ల గుర్రాన్ని దాని మీద నిలబెట్టాడు. యాభై రెండు గ్రాములు. ఉండాల్సినదానికి పద్దెనిమిది ఎక్కువ. ఆ సంఖ్య కాగితం మీద రాసుకుని గుర్రాన్ని దించి శకటును ఎక్కించాడు. పక్కన భార్య పిండి డబ్బా చంకలో పెట్టుకుని నిలబడి ఉంది.

"శకటుగారు కూడా దిగితే నేను పిండి తూచుకుంటాను," అంది.

ఆ ఇంట్లో ఇది వారం వారం జరిగేదే. అతను పగలంతా పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దుతాడు. ఆదివారం అనుబంధంలో చదరంగం శీర్షిక కూడా అతనిదే. ఏదో ఒక పాత ఆట తీసుకుని, ఎవరు ఎక్కడ పొరబడ్డారో, ఏ అవకాశం చేజార్చుకున్నారో చెబుతాడు. ఏ తప్పు ఎంత పెద్దదో గ్రాముల్లో ఇస్తాడు. మిగతా పత్రికల శీర్షికల్లో ఉండనిది ఇదే.

గ్రాములు వాళ్ల నాన్న చదరంగం బల్ల నుంచి వస్తాయి. ఆ బల్ల దగ్గర తప్పు జరిగితే, అది ఏ వస్తువు మీదుగా జరిగిందో ఆ వస్తువుకు బరువు చేరుతుంది. మామూలుగా అది కదిపిన కాయే. నూరేళ్ల కిందటి ఆటను పుస్తకంలో చూసి మళ్లీ ఆడించినా అంతే, పాత తప్పైనా బరువు బరువే. ఇలా వేస్తే ఎలా ఉంటుందని ఊరికే వేసి చూసిన ఎత్తుకు మాత్రం ఏమీ రాదు. వేయాల్సిన ఎత్తేదో కనిపెట్టి దాని స్థానంలో వేస్తే కాయ తేలికైపోతుంది. ఒకప్పుడు ఈ బల్లను క్లబ్బువాళ్లు పోటీలకు పట్టుకెళ్లారు. తన ఏనుగును రెండు చేతులా లేపుతూ ఆయాసపడే మనిషిని చూసి ఎదుటివాడు లాభపడుతున్నాడని ఫిర్యాదు వచ్చింది. కమిటీ కూర్చుని తీర్మానం రాసి బల్లను వెనక్కి పంపింది. బల్ల కాళ్లు కూడా వదులుగా ఉన్నాయని తీర్మానంలో రాశారు.

ఈ వారం ఆటను ఎంచినది తమ్ముడు. పార్సిల్ ఆఫీసులో పనిచేసే తమ్ముడు కాయ ముట్టుకుని ఇరవై ఎనిమిదేళ్లయింది. శీర్షిక మాత్రం ఒక్కవారం కూడా వదలడు. ప్రతి సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఫోన్ చేసి అచ్చుతప్పులు అప్పజెబుతాడు. "అన్నయ్యా, ఈ వారం నీ మంత్రి రెండు గళ్లలో ఒకేసారి నిలబడ్డాడు, చూసుకున్నావా?" అంటాడు. ఊళ్లో అందరి తప్పులూ దిద్దే మనిషికి తప్పులు దిద్దేవాడిని నేనొక్కడినే అని అతనికి గర్వం. మొన్న సోమవారం మాత్రం అచ్చుతప్పుల ఊసెత్తలేదు.

"ఈసారి సత్రం ఆట వెయ్యి," అన్నాడు. "దాని ముగింపు మీద నాకెప్పుడూ అనుమానమే."

సత్రం ఆట 1862 నాటిది. బండి చక్రం విరిగి, వానలో ఒక సత్రంలో చిక్కుకుపోయిన ఇద్దరు ప్రయాణికులు భోజనాల గదిలో ఆడారు. తెల్లకాయలతో ఒక వైద్యుడు, నల్లకాయలతో పియానోలు శ్రుతి చేసే మనిషి. ముప్పై మూడు ఎత్తులు నడిచాక, ముప్పై నాలుగో ఎత్తు వేయాల్సిన చోట పియానో మనిషి తన రాజును పడుకోబెట్టాడు. ఓటమి ఒప్పుకున్నట్టు గుర్తు. పుస్తకాలన్నీ ఇరవై ఏడో ఎత్తును తప్పుబడతాయి. మంత్రిని పంపి ఒక బంటును తినేశాడు, అక్కడితో ఆట పోయింది, తర్వాత చేయగలిగిందేమీ లేదు అని.

ప్రూఫ్ రీడర్ ఆ మంత్రిని తూచాడు. తప్పు అరవై గ్రాములే. ఆట పోయేంత తప్పు రెండు వందలకు తగ్గదని అతని అనుభవం. మిగతా కాయలన్నీ ఒక్కొక్కటే తూచాడు. ఎక్కడా అంత బరువు లేదు. చివరికి, పియానో మనిషి చేసినట్టే, నల్ల రాజును బల్ల మీద పడుకోబెట్టి, తీసి కాటాలో పెట్టబోయాడు. రాజు చేతిలోంచి జారి పళ్లెంలో ధభీమని పడింది. ముల్లు కిలో ఆరు వందల దగ్గర ఆగింది.

భార్య తొంగి చూసింది. "ఓడిపోయినవాడికి ఇంత బరువేంటి?"

"ఓడిపోలేదు," అన్నాడతను. "ఓడిపోయాననుకున్నాడు."

అంటే ఆ గదిలో, ఆ వానలో, పియానో మనిషి ముందు ఇంకో ఎత్తు ఉంది. అతను చూడలేదు. ఆ తర్వాత ఎవరూ చూడలేదు.

సరిగ్గా అప్పుడే ముందుగదిలో పుస్తకాల అర మూల ఇంకాస్త కుంగి, చెక్క కిర్రుమంది. ఆ శబ్దం ఇద్దరికీ అలవాటే. ఎడమ చివర, పాత నోటుపుస్తకాలున్న చోట, ఆ అర ఏటేటా కుంగుతుంది. వడ్రంగి రెండుసార్లు వచ్చి చెక్క మార్చాడు, ఒకసారి ఇనప పట్టీ వేశాడు. చెదలు లేవు, గోడ గట్టిగానే ఉంది, మీరక్కడ ఏం దాస్తున్నారో మీకే తెలియాలి అని చెప్పి వెళ్లాడు.

"అక్కడేముందని నేనడగలేదు," అంది భార్య, పిండి తూచుకుంటూ. "పెళ్లయినప్పట్నుంచీ అడగలేదు. కానీ ఏవండీ, ఇంకో అంగుళం దిగితే కింద చీపురు పట్టదు."

అక్కడేముందో అతనికి తెలుసు. నాన్న తన బైండింగ్ దుకాణంలో స్వయంగా కుట్టిన నోటుపుస్తకం. కాగితం, అట్ట, దారం కలిపి రెండు వందల పది గ్రాములు. నాన్న చేతి పుస్తకాలన్నీ అంతే తూగేవి, గ్రాము అటూ ఇటూ కాదు. కానీ ఈ ఒక్కదాన్ని అతను ఎప్పుడూ కాటా ఎక్కించలేదు.

ఇరవై ఎనిమిదేళ్ల కిందటి మాట. తమ్ముడికి ఇరవై మూడేళ్లు, తనకు ఇరవై ఐదు. నగర పోటీలో తమ్ముడి చివరి ఆట సాయంత్రానికి తేలలేదు. అలా మిగిలిపోతే ఆ రోజుల్లో ఒక పద్ధతి ఉండేది. ఎత్తు వేయాల్సినవాడు దాన్ని కాగితం మీద రాసి, కవరులో పెట్టి, అంటించి నిర్వాహకుడి చేతికిచ్చేవాడు. మర్నాడు పదింటికి కవరు విప్పి అక్కడినుంచి ఆడేవాళ్లు. ఈలోగా ఎవరింట్లో వాళ్లు కాయలు పేర్చుకుని ఆలోచించుకోవచ్చు, తెలిసినవాళ్ల సాయం తీసుకోవచ్చు. కవరు ఎదుటివాడిది, కానీ అందులో ఉండగల ఎత్తు ఒక్కటేనని అందరికీ తెలుసు. తమ్ముడికి గెలుపు అక్కర్లేదు, డ్రా అయినా చాలు. ఆ సగం పాయింటుతో మొదటి స్థానం అతనిదే. మొదటి స్థానం వచ్చినవాడు వేరే నగరంలో మూడు నెలల శిక్షణకు వెళ్లాలి.

అన్నదమ్ములిద్దరూ తెల్లవారుజామున ఐదింటికి నాన్న బల్ల ముందు కూర్చున్నారు. అన్న పెన్సిలుతో నోటుపుస్తకంలో రాస్తూ పోయాడు. ఎటు వేసినా దారి మూసుకుపోయింది. ఎనిమిదీ నలభైకి, పేజీ అడుగున "ఏమీ లేదు. వదిలెయ్," అని రాశాడు. తమ్ముడు రెండు సార్లు చదివాడు. ఓటమి ఒప్పుకున్నట్టు నిర్వాహకుడికి ఫోన్ చేసి చెప్పాలి. ఆ నంబరు వెనక అట్ట మీద రాసి ఉండటంతో నోటుపుస్తకం పట్టుకునే కిందికి దిగాడు. ఫోన్ ఎదురుగా మందుల షాపులో ఉంది. అతని ముందు ముగ్గురున్నారు.

ఎనిమిదీ నలభై ఐదుకు, కాయలు పెట్టెలో సర్దబోతూ అన్న ఆ ఎత్తు చూశాడు. ఏనుగును ఒక గడి పక్కకు జరిపితే చాలు. చూడ్డానికి ఊరికే బలిపెట్టినట్టు ఉంటుంది. కానీ దాన్ని తింటే తమ్ముడి నల్లరాజుకు కదిలే గడి ఒక్కటీ మిగలదు, అలాగని ఎవరూ అతని మీద దాడి చేయడమూ ఉండదు. అప్పుడు ఆట సమానం. తినకపోయినా సమానమే.

కిటికీ దగ్గరికి వెళ్లాడు. తలుపు తీసే ఉంది. వీధి వెడల్పు పన్నెండు అడుగులు. ఒక్క కేక చాలు.

నాన్నకు అప్పటికే చూపు మందగించింది, దుకాణంలో ఒకడు ఉండి తీరాలి. తమ్ముడు వెళ్తే ఆ ఒకడు తనే. పత్రికలో చేరి నలభై రోజులైంది. ఇవన్నీ తర్వాత పేర్చుకున్న కారణాలు. ఆ పదకొండు నిమిషాల్లో అతను ఏమీ ఆలోచించలేదు. వరసలో ముగ్గురు ఇద్దరయ్యారు, ఇద్దరు ఒకరయ్యారు. తమ్ముడు తలెత్తి పైకి చూడబోతుంటే, కర్టెన్ వెనక్కి ఒక అడుగు వేశాడు. చేసింది అదొక్కటే.

తమ్ముడు పైకొచ్చి "చెప్పేశాను" అని నోటుపుస్తకాన్ని బల్ల మీద పడేశాడు. బల్ల కాళ్లు నాలుగూ అదిరాయి. అప్పటినుంచి తమ్ముడు దుకాణంలో, దుకాణం మూతపడ్డాక పార్సిల్ ఆఫీసులో. ఆ ఏనుగు ఎత్తును అన్న ఆ తర్వాత నాన్న బల్ల మీద ఎన్నోసార్లు వేసి చూశాడు. నోటుపుస్తకం ఉన్నచోట అర ఒక్క వెంట్రుక వాసి కూడా లేవలేదు. ఆ రోజు తప్పు కాయల మీదుగా జరిగింది కాదు.

సత్రం ఆటలో తప్పిపోయిన ఎత్తు గురువారం ఉదయం ఏడింటికి దొరికింది. నల్ల ఏనుగు, ఒక గడి పక్కకు. పడుకుని ఉన్న రాజును నిలబెట్టి, ఆ ఎత్తు వేసి, రాజును తూచాడు. నలభై ఒక్క గ్రాములు. తమ్ముడికి ఈ ముగింపు మీద అనుమానం ఎందుకుందో అర్థమైంది. ఎప్పటినుంచి ఉందో తెలియలేదు.

ఆ రోజే శీర్షిక రాశాడు. పియానో మనిషి ఇరవై ఏడో ఎత్తుకు అరవై గ్రాములని, ఓటమి ఒప్పుకోవడానికి కిలోన్నర పైచిలుకని రాశాడు. చివర ఇంకో పేరా చేర్చాడు. పెన్ను పెట్టి ఎప్పుడూ రాయని పేరా అది. రాయడానికి మూడు గంటలు పట్టింది, అచ్చులో పది లైన్లు వస్తుంది.

శుక్రవారం ఒంటిగంటకు అనుబంధం చూసే సబ్ ఎడిటర్ ఆ కాగితం పట్టుకుని అతని బల్ల దగ్గరికొచ్చింది. ఇరవై ఏళ్లు చిన్నది, అయినా అతని కామాలు తీసేయగలిగేది ఆ ఆఫీసులో ఆమె ఒక్కతే.

"మాస్టారూ, పందొమ్మిదో శతాబ్దం పై పేరాలోనే అయిపోయింది. ఈ మందుల షాపు ఎవరిది, ఈ కర్టెన్ ఎవరిది?"

"మా తమ్ముడి ఆట అది."

"ఆయనకు చెప్పారా?"

లేదన్నాడు. ఆదివారం చదువుతాడు కదా అన్నాడు. ఆమె కాగితాన్ని బల్ల మీద తిరగేసి పెట్టింది.

"పేజీ నాలుగింటి దాకా ఆపుతాను," అంది. "ఇది పేపర్లో చదివి తెలుసుకోవాల్సిన సంగతి కాదు మాస్టారూ."

ఇంటికి వెళ్లి నోటుపుస్తకాన్ని రెండు చేతులా అర మీంచి లాగాడు. గుడ్డసంచిలో వేసుకుంటే భుజం ఒకపక్కకు ఒరిగింది. భార్య గుమ్మం దాకా వచ్చి, సంచి ఇంకో పిడి కూడా అతని వేళ్లకు తగిలించి తలుపు వేసుకుంది. బస్సులో నిలబడాల్సి వచ్చింది. ఏం చెప్పాలో వాక్యాలుగా పేర్చుకుని, మనసులోనే కొట్టేస్తూ పోయాడు. ఇది చెబితే సోమవారం ఫోన్ మోగకపోవచ్చు. తమ్ముడితో తనకు మిగిలిందల్లా ఆ ఫోన్ మాటలే.

రెండుంబావుకు పార్సిల్ ఆఫీసులో మూడో కౌంటరు ముందు నిలబడ్డాడు. తమ్ముడు ఎవరిదో పెట్టెకు పురికొస చుడుతూ తలెత్తాడు.

"ఏంటన్నయ్యా, ఎక్కడికి పంపాలి?"

"నీకే."

"నాకైతే పార్సిలెందుకు? చేతికివ్వు."

"చేతికివ్వలేకే ఇన్నేళ్లూ ఇవ్వలేదు," అని, సంచిలోంచి తీసి కాటా మీద పెట్టాడు. తమ్ముడు అట్టను గుర్తుపట్టాడు. ఎర్రటి అంకెలు తిరిగి తిరిగి నాలుగు కిలోల నూట ఇరవై దగ్గర ఆగాయి. పక్క కౌంటరులో ముద్రలు వేసే ఆవిడ ఒకసారి అటు చూసి, మళ్లీ తన పనిలో పడింది.

ప్రూఫ్ రీడర్ చెప్పాడు. అతనికి వచ్చిన పద్ధతిలోనే చెప్పాడు, టైములతో సహా. ఎనిమిదీ నలభై, ఎనిమిదీ నలభై ఐదు, ముందున్న ముగ్గురు, పదకొండు నిమిషాలు, కర్టెన్. కారణాలు చెప్పలేదు. బస్సులో పేర్చుకున్నవన్నీ వదిలేశాడు. తమ్ముడు పురికొస ముడి వేస్తూ విన్నాడు. ఒకే ముడిని విప్పి మళ్లీ వేశాడు. కర్టెన్ మాట దగ్గర చేతులు ఆగాయి.

కాటా మీద అంకెలు దిగడం మొదలుపెట్టాయి. మూడున్నర, మూడు, రెండున్నర. రెండు కిలోల నూట అరవై ఐదు దగ్గర ఆగిపోయాయి. ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు. ఇంక దిగలేదు.

ప్రూఫ్ రీడర్ నాన్న కుట్టిన రెండు వందల పది గ్రాములను మనసులో తీసేసి చూశాడు. పోయింది సరిగ్గా సగం.

"ఇంకేమైనా దాచానేమో," అన్నాడు. "గుర్తు రావడం లేదు."

"నువ్వేం దాచలేదు," అన్నాడు తమ్ముడు. "మిగతాది నాది."

పురికొస ఉండను పక్కన పెట్టాడు. మాట్లాడేటప్పుడు అన్న ముఖం చూడలేదు, కాటానే చూశాడు.

"వరసలో నిలబడ్డప్పుడు నాకూ కనపడింది అన్నయ్యా. ఏనుగు పక్కకి. అప్పటికి నా ముందు ఇంకా ఇద్దరున్నారు. వెనక్కి వచ్చేయొచ్చు. కానీ డ్రా అయితే వెళ్లాలిగా, మూడు నెలలు, ముక్కూ మొహం తెలియని ఊళ్లో. భయమేసింది. అన్నయ్య వదిలేయమన్నాడు కదా, ఇదిగో రాసి కూడా ఇచ్చాడు అనుకున్నాను. ఈ పుస్తకం చంకలో పెట్టుకుని తప్పంతా నీ మీద వేసేశాను."

"మరి పైకి ఎందుకు చూశావు?"

తమ్ముడు పురికొస ఉండను మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"పిలుస్తావేమోనని," అన్నాడు. "పిలిస్తే వచ్చేద్దామనుకున్నాను. భయం ఉన్నా వచ్చేసేవాణ్ని. కర్టెన్ కదిలింది. గాలికనుకున్నాను. ఇన్నేళ్లూ గాలికే అనుకున్నాను."

ప్రూఫ్ రీడర్ కౌంటరు చెక్క అంచు పట్టుకున్నాడు. ఇన్నేళ్లూ ఒక ఆట పోగొట్టాననుకున్నాడు. తనకోసం తలెత్తిన మనిషికి కనపడకుండా నిలబడ్డానని ఇప్పుడే తెలిసింది. ఆ బరువు ఏ వస్తువు మీద పడిందో తూచుకునే కాటా ఏదీ అక్కడ లేదు.

"పిలవాల్సింది," అన్నాడు.

"ఊఁ," అన్నాడు తమ్ముడు. కాదనలేదు, పర్లేదనీ అనలేదు.

వెనకాల పెట్టెతో నిలబడ్డ పెద్దాయన, అన్నదమ్ముల ముచ్చట్లకు వేరే కౌంటరు పెట్టిస్తే బాగుండునన్నాడు. తమ్ముడు నోటుపుస్తకాన్ని రెండు చేతులా లేపి తన వెనక బల్ల మీద పెట్టాడు. ప్రూఫ్ రీడర్ జేబులోంచి శీర్షిక ప్రతి తీసి చూపించాడు. తమ్ముడు చివరి పేరా నిలబడే చదివి తిరిగిచ్చేశాడు.

"ఇది తీసెయ్. మందుల షాపాయన మనవలు ఈ ఊళ్లోనే ఉన్నారు, బెంగ పెట్టుకుంటారు," అన్నాడు. నవ్వాడో లేదో తెలియలేదు. "పియానో ఆయనది మాత్రం గ్రాము తగ్గించకుండా వెయ్యి. పుస్తకం ఇక్కడుండనీ. నా సగం నేను చూసుకుంటాను."

మూడూ ముప్పై ఐదుకు ఆఫీసు చేరి, చివరి పేరా మీద అడ్డంగా గీత గీసి, అంచున కొట్టివేత గుర్తు వేశాడు. సబ్ ఎడిటర్ ఏమన్నారని అడిగింది. సగం వాడిదట అన్నాడు. ఖాళీ వచ్చిన చోట ఆమె బల్ల బొమ్మను పెద్దది చేసి వేసింది.

ఆదివారం శీర్షిక వచ్చింది. అందులో ఒక అచ్చుతప్పు ఉంది, పియానోకు దీర్ఘం ఎగిరిపోయింది. ప్రూఫులో అతను దాన్ని చూశాడు, చూసి వదిలేశాడు. ఇరవై ఎనిమిదేళ్లలో కావాలని వదిలేసింది అదొక్కటే.

సోమవారం తొమ్మిదింటికి ఫోన్ మోగలేదు. తొమ్మిదిన్నర దాకా కూర్చుని ఆఫీసుకు వెళ్లాడు. ఇంట్లో పుస్తకాల అర మూల లేచి సమంగా నిలబడింది, భార్య కింద చీపురు పెట్టుకుంది. సమంగా ఉన్న ఆ చెక్కను చూసినప్పుడల్లా, ఇక్కడ తగ్గిన బరువు అక్కడ ఇంకొకరి వీపు వెనక బల్ల మీద కూర్చుందని గుర్తొచ్చేది. తనే ఫోన్ చేద్దామని రెండుసార్లు తీసి పెట్టేశాడు. రెండో సోమవారం కూడా ఫోన్ రాలేదు.

పదకొండో రోజు, మంగళవారం, ఉదయం పదింటికి పార్సిల్ ఆఫీసుకు ఫోన్ చేశాడు. ముద్రలు వేసే ఆవిడ తీసింది. మూడో కౌంటరాయన సెలవులో ఉన్నారండీ అంది. ఈ ఉద్యోగంలో చేరాక ఆయన పెట్టిన మొదటి సెలవట. వేరే నగరంలో యాభై దాటినవాళ్లకు చదరంగం పోటీ జరుగుతోందట, గురువారం రైలెక్కారు, నిన్నటికి ఐదు ఆటలయ్యాయట. గెలిచారో ఓడారో చెప్పలేదు కానీ, నిన్నటి ఆట అందరికంటే ఆఖరున, హాలు ఊడ్చేవాళ్లు వచ్చాక ముగిసిందని మాత్రం ఫోన్లో చెప్పారంది.

"మీరు అన్నగారు కదూ? మీ పేరు మీద ఒక పుస్తకం ఇక్కడ పెట్టి వెళ్లారు. రోజూ పొద్దున కాటా మీద పెట్టి చూడమ్మా, తేలికయ్యాక పంపించు అన్నారు. నిన్నటి దాకా రెండు కిలోల నూట అరవై ఐదు చూపిస్తూనే ఉంది."

"ఇవాళ?" అన్నాడు ప్రూఫ్ రీడర్.

ఆమె రసీదు వెతుకుతున్న చప్పుడు వినపడింది.

"రెండు వందల పది గ్రాములు," అంది. "చిన్న పార్సిళ్లలో వేసేశాను."